బస్తా బియ్యం కిరాయి

ఆ రోజుల్లో ఇల్లు కిరాయికి తీసుకోవడమంటే ఓనరుతో కలిసి బతకడానికి ఒప్పుకోవడమే. ఇప్పటి పిల్లలు ఫోన్లో ఫొటోలు చూసి, అడ్వాన్సు కూడా ఫోన్లోనే పంపి, ఓనరు ముఖం చూడకుండా ఏళ్లు గడిపేస్తున్నారు. నాకు మాత్రం కిరాయి మాట వింటే ఇప్పటికీ ముందు గుండె దడ, ఆ తర్వాతే నవ్వు. పెళ్లయిన కొత్తలో మేం కోదాడలో కాపురం పెట్టాం. మా ఆయన విత్తనాల దుకాణంలో లెక్కలు రాసేవారు, నేను ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. రెండు జీతాలు కలిపినా ఒకటే జీతంలా ఉండేవి. మాకు మేడ మీద రెండు గదులిచ్చినాయన బియ్యం వ్యాపారి. వీధి వీధంతా సేటు అని పిలిచేది, మేమూ అట్లాగే పిలిచాం.

కిరాయి ఎంత అని అడిగితే సేటు రూపాయల్లో చెప్పలేదు. "రూపాయిని నమ్ముకుంటే మునుగుతం సారూ. నిరుడు దానికి వచ్చిన సామాను ఈ యేడు రాదు. నాకు తెలిసింది బియ్యం. నెల మొదట్ల మిర్యాలగూడ మిల్లుకు ఫోన్ కొడ్త. బస్తా సన్నబియ్యం ఎంతుంటే మీ కిరాయి అంత. పెరిగితే మీరు పెంచాలె, తగ్గితే నేను తగ్గిస్త" అన్నాడు. మా ఆయన డిగ్రీలో కామర్స్ చదివారు. (పాసయ్యారు కూడా.) నన్ను పక్కకు పిలిచి, "పంట చేతికొస్తే రేటు పడిపోతది. మనకే లాభం, ఒప్పుకుందాం" అని చెవిలో చెప్పారు. ఒప్పుకున్నాం.

ఇగ అప్పట్నుంచి నా బతుకు పరేషాన్ అయింది. వాన ఆలస్యమైతే భయం, ఎక్కువైతే భయం. కాలువకు నీళ్లు వదల్లేదంటే మా కిరాయి పెరిగినట్టే. బళ్లో పిల్లలు పద్యం అప్పజెబుతుంటే నేను కిటికీలోంచి మబ్బులు చూసేదాన్ని. నెల మొదటి రోజున కింద సేటు ఫోన్లో "ఆఁ... ఆఁ... అట్లనా?" అంటుంటే పైన మెట్ల మీద కూర్చుని ఆ 'అట్లనా'లో సంతోషమెంత, దుఃఖమెంత అని వెతికేదాన్ని. ఆయన సంతోషం మాకు దుఃఖం కదా!

అసలు చిక్కు వేరే ఉంది. మా నాయిన నడిగూడెంలో వరి పండిస్తాడు. ఒక కోతల కాలంలో సూర్యాపేట మార్కెట్లో వడ్లమ్మి, తిరుగు బస్సులో కోదాడ దాకా వచ్చి మా ఇంట్లో దిగాడు. కండువా తీసి పక్కన పడేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ధర పడిపోయింది బిడ్డా. పెట్టిన పెట్టుబడి కూడ ఎల్లేటట్టు లేదు" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మా ఆయన జిలేబీ పొట్లంతో మెట్లెక్కుతూ, "ఏమోయ్, రేటు పడింది! ఈ నెల కిరాయి తగ్గిందోచ్!" అని కేకేస్తూ లోపలికొచ్చి, మామగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది అల్లుడూ, ఏం రేటు పడింది?" అన్నాడు నాయిన.

"ఏం లేదు మామా... జిలేబీ రేటు" అన్నారాయన.

నాయిన నా ముఖం చూశాడు. దాచడం నాకు చాతకాదు, మొత్తం చెప్పేశాను. కోపమొస్తుందనుకున్నాను. నాయిన మాత్రం ఒక జిలేబీ తీసి నోట్లో వేసుకుని, "అంటే నా వడ్ల ధర పెరగాల్నని నేను మొక్కుతున్న, తగ్గాల్నని నువ్వు మొక్కుతున్నవ్. ఇగ దేవుడు ఎవల మాట ఇనాలె బిడ్డా?" అన్నాడు. మేం ముగ్గురం నవ్వాం, కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పై నెల మొదటి రోజున నాయిన బస్తా బియ్యంతో ఆటో దిగాడు. సొంత వడ్లు మర పట్టించి తెచ్చాడు. "బస్తా అన్నవు గద సేటూ, ఇగో బస్తా" అని వాకిట్లో దించాడు. సేటు మూట విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని ఊదాడు, ఒకటి కొరికాడు. "ఇవి కొత్త బియ్యం పెద్దాయనా. అన్నం ముద్దయితది. నేనన్నది పాత బియ్యం" అన్నాడు. ఆ పూటే ఇల్లు ఖాళీ చేయమంటాడనుకున్నాను. నాయిన మాత్రం నిదానంగా, "పాతయే కావాల్నంటే ఒక్క యేడాది ఆగు సేటూ. ఇవే పాతయి అయితయి. కిరాయి గూడ అప్పుడే తీస్కో" అన్నాడు. లోపల్నుంచి సేటు భార్య నవ్వు గట్టిగా వినబడింది. ఇక ఆయన బస్తా లోపల పెట్టించుకున్నాడు. ఆ తర్వాత నెలనెలా నాయిన తెచ్చే బస్తానే మా కిరాయి అయింది. నాయినకు మార్కెట్లో వచ్చేదానికన్నా నేను కాస్త ఎక్కువే ఇచ్చేదాన్ని, నాకు సేటు చెప్పే రేటుకన్నా తక్కువే పడేది. అట్లా తండ్రీ బిడ్డలం మళ్లీ ఒకే పక్షమయ్యాం.

ఏళ్లు గడిచాయి. రోడ్డు వెడల్పయింది, పొలాల్లో ప్లాట్ల రాళ్లు మొలిచాయి, పక్కింటి వాటాల కిరాయిలు నిచ్చెనేసినట్టు ఎక్కాయి. మాది మాత్రం అదే బస్తా. బియ్యమూ పెరిగింది గానీ ఇళ్ల వెంట పరిగెత్తలేకపోయింది. ఒకరోజు సేటు ఆయాసపడుతూ మేడెక్కి వచ్చాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు. "అమ్మా, బియ్యం నన్ను ముంచింది. పక్కింటోనికి ఒక్క వాటాకు మూడు బస్తాల పైసలొస్తున్నయ్. ఇగ బియ్యం లెక్క ఖతం. బంగారం లెక్క పెట్టుకుందాం" అన్నాడు. మా ఆయన అలవాటుగా "బంగారం పడిపోయే ఛాన్సుంది..." అని నా చెవి దగ్గరికి వంగారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన్ను నోరు మూసుకోమన్నాను.

సొంతిల్లు చూసుకోవాలని అప్పుడు గానీ మాకు తెలివి రాలేదు. చౌకగా దొరికిన ఆ గదుల్లో హాయిగా కూర్చుని ఇన్నాళ్లూ ఏం చేశామంటే, ప్లాటు ధర తగ్గుతుందని ఆగాం. బియ్యం పెరగడం, తగ్గడం చూసిన కళ్లు కదా, భూమీ అంతేననుకున్నాం. ప్రతి యేడూ మా ఆయన "వచ్చే యేడు పడుద్ది" అనేవారు, నేను నమ్మేదాన్ని. అది ఎక్కడమే తప్ప దిగడం ఎరగదని తెలిసేసరికి కోదాడ మా చేతికి అందకుండా పోయింది. ఆఖరికి సూర్యాపేట అవతల, ఆటోవాళ్లు "గంత దూరం రామమ్మా" అనే చోట, నా పుస్తెలతాడు తప్ప నగలన్నీ బ్యాంకులో కుదువబెట్టి చిన్న ఇల్లు కొన్నాం. వాయిదాలు తీరేదాకా ఫోన్ మోగితే బ్యాంకేనని ఉలిక్కిపడేదాన్ని.

ఇప్పుడు ఊరు మమ్మల్ని దాటి చాలా ముందుకు వెళ్లిపోయింది. మొన్న సాయంత్రం ఒక కుర్రాడు బండి ఆపి, "మేడమ్, ఇల్లు అమ్ముతరా?" అని ఒక ధర చెప్పాడు. అమ్మం బాబూ అని పంపేసి, లోపలికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కాగితం మీద లెక్కేసి, కళ్లజోడు తీసి, "ఈ రేటుకైతే మన ఇల్లు మనం కొనలేం" అన్నారు. ఎప్పుడో కొనేసిన ఇల్లే, కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. అయినా ఎవరో వచ్చి ఖాళీ చేయమంటారేమోనన్నట్టు నా గుండె దడదడలాడింది. ఇంత వయసొచ్చాక, ఎందుకో తెలియకుండానే, వాకిట్లోకెళ్లి గేటు గొళ్లెం వేసి, అది పడిందో లేదో మళ్లీ లాగి చూశాను. ఎదురింటి కొత్త కోడలు "ఏమైంది ఆంటీ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, మా ఇల్లు ఉందా లేదా అని చూస్తున్నా" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను, గొళ్లెం మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.