చచ్చుబడిన చెయ్యే ముందు

ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అందరికీ ఆమె డాక్టరమ్మే. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు మిగతా మనవలంతా గుమ్మం దగ్గరే పరామర్శించి జారుకుంటే, ఈ పిల్ల ఒక్కతే పక్కన చేరి స్నానాలూ మందులూ చూసుకుంది. "నీ చేతిలో ఏదో చలవ ఉందే" అని అమ్మమ్మ అన్న మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ కలిసి ఈ బిరుదు తగిలించారు. తగిలించడానికేం, మోసేది వాళ్ళు కాదుగా! పిచ్చిపిల్ల అది నిజమేననుకుంది.

చదువవగానే బావ తన ఫర్నిచర్ షాపులో కౌంటరు దగ్గర కూర్చోమన్నాడు. నీడపట్టున పని, నెత్తిమీద ఫ్యాను. డాక్టరమ్మ ససేమిరా అంది. "జన్మంతా బిల్లులు కొట్టుకుంటూ కూర్చోలేను బావా. నేను మనుషులకు పనికొచ్చే పని చేస్తాను" అని నలుగురి ముందూ కుండబద్దలు కొట్టింది. బావ మొహం చిన్నబోయింది. అక్క నెలరోజులు ముభావంగా ఉంది. ఈ పిల్ల ఎవరి మాటా చెవిన పెట్టకుండా రోగుల సంరక్షణలో శిక్షణ తీసుకుని, లేవలేనివాళ్ళను ఉంచుకుని చూసే ఒక హోములో చేరింది.

చేరిన కొద్దిరోజులకే తత్వం బోధపడింది. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే. ఇక్కడ హాలు నిండా మంచాలు. అమ్మమ్మ తల నిమిరేది. ఇక్కడ ఒకాయన పెట్టిన ముద్ద మొహాన ఉమ్మేస్తాడు, ఒకావిడ రక్కుతుంది. ఒకరిని ఒత్తిగిలించి పడుకోబెట్టేలోపు ఇంకొకరు పక్క తడిపేస్తారు. నడుము నొప్పినైనా ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేకపోయింది తనలో పుట్టుకొస్తున్న విసుగును. పొద్దున్నే ఫినాయిల్ వాసన ముక్కుకు సోకగానే, 'వీళ్ళంతా నాకేమవుతారు?' అనిపించేది. అనిపించినందుకు తలకొట్టేసినట్టయ్యేది. ఈ పని తనది కాదు. కానీ ఆ మాట ఎవరితో అనాలి? అమ్మేమో కనబడ్డవాళ్ళందరికీ కూతురి గురించి గొప్పలు చెప్పుకుంటోంది. ఇక బావ ముందు తల వంచడమా? మానేస్తానన్న మాట రోజూ గొంతుదాకా వచ్చి, అన్నం ముద్దతో పాటు లోపలికే పోయేది.

ఆ హోములో కుడివైపంతా పడిపోయిన ఒక పెద్దావిడ ఉండేది. ఒకప్పుడు బట్టలు కుట్టేది కాబట్టి అంతా టైలరమ్మ అనేవారు. ఒళ్ళు పడిపోయిందేగానీ నోరు పడిపోలేదు. కాస్త ముద్దముద్దగానైనా ఒక చురక వేయందే వదలదు. "ఏమిటే ఆ జడ, ఎలుకలు కొరికినట్టు!" అని రోజూ డాక్టరమ్మను పలకరించేది.

ఇలాంటివాళ్ళకు చొక్కా తొడగడానికి ఒక వరస ఉంది. చచ్చుబడిన చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత. శిక్షణలో మొట్టమొదట నేర్పేది అదే. వరస తప్పితే పట్టు లేని భుజం మెలిపడుతుంది. ఆ రోజు ఒక పక్క గంట మోగుతోంది, ఇంకో పక్క ఎవరో అరుస్తున్నారు. డాక్టరమ్మ బాగున్న చెయ్యి ముందు దూర్చేసింది. రెండో చేతికి చొక్కా అందలేదు. విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే, పళ్ళు బిగించి చచ్చుబడిన చేతిని వెనక్కి లాగింది.

టైలరమ్మ కెవ్వుమంది. ఆ తర్వాత ఒక్క చురకా వేయలేదు. మర్నాటికి భుజం వాచింది.

ఆ వాపు చూసి డాక్టరమ్మ భయపడింది. దాంతోపాటే, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఒక ఆశ కూడా పుట్టింది. ఇది బయటపెడితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ! తను మానేసినట్టు కాదు, వాళ్ళే పంపేసినట్టు. బావ నాలుగు రోజులు దెప్పి ఊరుకుంటాడు. ఆ కౌంటరూ ఆ ఫ్యానూ కళ్ళ ముందు మెదిలాయి. ఆమె నేరుగా హోముకు పెద్దదిక్కైన పెద్ద సిస్టర్ గదిలోకి వెళ్ళింది.

"సిస్టర్, టైలరమ్మ భుజం నావల్లే వాచింది. వరస తప్పాను. తప్పానని తెలిసి కూడా కోపంతో లాగాను. నన్ను తీసేయండి."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆవిడ నిన్ననే చెప్పింది. నువ్వొచ్చి చెప్తావో లేదోనని చూస్తున్నా. ఇదివరకు ఇలా చేసినవాళ్ళంతా మంచం తగిలిందన్నారమ్మా. నీలాంటిదాన్ని నేనెలా వదులుకుంటాను? నీ ఉద్యోగం ఈరోజే ఖాయం చేస్తున్నా. ఇంకోసారి కోపమొస్తే మాత్రం చెయ్యి వదిలేసి బయటికెళ్ళి నిలబడు."

"నేను మంచిదాన్నై చెప్పలేదు సిస్టర్. నాకు వెళ్ళిపోవాలనుంది."

"అందరికీ ఉంటుంది. నాకూ ఉండేది."

"ఎన్నాళ్ళు?"

పెద్ద సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుంది. "వెళ్ళు, స్నానాల వేళయింది."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పెద్ద సిస్టర్ ఫోన్ చేసి మెచ్చుకున్న సంగతి ఇల్లంతా పాకిపోయింది. అమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది. బావ స్వయంగా వచ్చాడు. "తప్పు నాదే మరదలా! నీ సంగతి తెలియక ఏదేదో అన్నాను. నువ్వెప్పటికైనా వస్తావని ఇన్నాళ్ళూ ఆ కుర్చీ ఖాళీగా ఉంచాను. ఇవాళే ఒకమ్మాయిని పెట్టేశా" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. నవ్వకపోతే ఏడ్చేస్తుంది మరి.

మర్నాడు చొక్కా పట్టుకుని టైలరమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. ముసలావిడ కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత బాగున్న ఎడమ చేత్తో, చచ్చుబడిన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, మెల్లగా ఎత్తి, ఆమె ముందు పెట్టింది.

డాక్టరమ్మ ఆ చేతిని పసిపిల్ల చేతిలా అందుకుని, ముందుగా దానికే తొడిగింది. తర్వాత గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

"రేపూ నువ్వే రావాలి. ఇంకెవరికీ ఇవ్వను ఈ చెయ్యి" అంది టైలరమ్మ.

డాక్టరమ్మ ఒక్కసారి తలుపు వైపు చూసింది. అది బార్లా తెరిచే ఉంది.

"వస్తాను" అంది.