కాలమ్ ప్లగిన్‌కు ఒక దిక్కు

రొవేనా టెయిట్ రోజూ పొద్దున్నే, కెటిల్‌లో నీళ్లు మరిగేలోపు, ఎవరో ఒకరికి కృతజ్ఞతగా రెండు వాక్యాలు రాసి పంపేది. ఆ తరవాతే ఫిర్యాదులు తెరిచేది. మా ఊరు ఓమరూలో, మా చర్చిలో ఆర్గన్ వాయించేదీ ఆవిడే. చిన్న చిన్న లైబ్రరీలు ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను పదిహేనేళ్లుగా జీతం లేకుండా చూసుకొస్తోంది. ఆ ఫిర్యాదులు దాని గురించే.

ఆ సాఫ్ట్‌వేర్‌కు బయటివాళ్లు రాసి తగిలించే చిన్న ప్రోగ్రాములను ప్లగిన్‌లంటారు. రాసినవాళ్లు వదిలేసి వెళితే వాటి బరువు రొవేనా మీదే పడేది. అలా ఏడింటిని నెత్తికెత్తుకుని, ఒక చలికాలమంతా మంచం పట్టింది. లేచాక తనే నియమం రాసింది. ప్రతి ప్లగిన్‌కూ పేరున్న బాధ్యులొకరు ఉండాలి, మూడు ఉత్తరాలకు జవాబు రాకపోతే దాన్ని జాబితాలోంచి తీసెయ్యాలి, రొవేనా మాత్రం దేన్నీ దత్తత తీసుకోకూడదు.

బాధ్యులు ఇంకా ఉన్నారా అని అడిగే ఆ ఉత్తరాలు కంప్యూటర్ నుంచి వాటంతటవే వెళ్లేవి. కాలమ్ డ్రమ్మండ్‌కూ మూడు వెళ్లాయి. చూపు ఆననివాళ్లకు పుస్తకాల పేర్లు చదివి వినిపించే ప్లగిన్ ఆయనది. మూడోది అందాక ఆయన భార్య ఎల్స్‌పెత్ ఫోన్ చేసింది.

"కాలమ్ పోయి ఐదు నెలలైందమ్మా. ఉన్నప్పుడే ఉత్తరం ముక్క రాయడానికి నెల పట్టేది ఆయనకి, ఇప్పుడేం రాస్తాడు? నువ్వేం బాధపడకు."

నొచ్చుకోవలసిన మనిషే తనని ఓదార్చిందని రొవేనా తరవాత నాతో అంది.

అయినా నియమం నియమమే. శుక్రవారం తీసేస్తామని ప్రకటన పెట్టింది. మర్నాడు నేను స్కోన్‌లనే చిన్న రొట్టెలు ఇవ్వడానికి వెళ్లేసరికి, రివర్టన్ లైబ్రరీలో పనిచేసే నైరీ స్పీకర్ ఫోన్‌లో ఆవిడను దులిపేస్తోంది. మంగళవారాలు తన దగ్గరికొచ్చే తొమ్మిదిమంది ముసలివాళ్లు ఇక పుస్తకాలెలా ఎంచుకోవాలని నిలదీసింది.

"రూలు రాసిన చేతికి ఒక్కదాన్ని తీసెయ్యకుండా వదిలిపెట్టడం రాదా?"

"ఒక్కటే కదా అని ఏడు ఎత్తుకున్నాను, నైరీ," అంది రొవేనా. గొంతులో కోపం లేదు, ఓపికా లేదు.

రొవేనా కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంది.

"బాధ్యురాలిగా నీ పేరు రాసుకోనా? ప్రోగ్రాం రాయక్కర్లేదు. ఉత్తరం వస్తే జవాబియ్యి, పాడైతే పాడైందని చెప్పు. బాగుచేసేవాళ్లని నేను బతిమాలి తెస్తాను. ఈ ఒక్క సాయం చేసిపెట్టు, నైరీ."