ఆరుగురి బియ్యం

మా అవ్వగారింట్ల బియ్యం కొలిచేటప్పుడు అంకెలు పలుకకపోదురు. కల్లంల వడ్లు కొలిస్తే మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటరు. అది అందరికెరుకే. నన్ను కన్న మా అవ్వది ఇంకో తీరు. పొద్దూకే యాల్లకు బియ్యం సంచి ముందట కూసుండి, ఇత్తడి సోలతోని తీసుకుంట, ఒక్కో సోలకు ఒక్కో మనిషిని తలుసుకునేది. ఇది మీ బాపుది. ఇది పెద్దోనిది. ఇది నాది. నా సోల పోసేటప్పుడు నా దిక్కు చూసి, ఇది నీదే బిడ్డా, అని నవ్వేది. బియ్యం దుమ్ము ఆమె ముంజేతుల మీద తెల్లగ మెరిసేది. నేను మూడో తరగతి కాడ్నే బడి మానేసిన. ఆడ నేర్సింది ఆడ్నే పోయింది గని, గీ కొలత నా చేతిల ఉండిపోయింది.

నేను కాపురానికొచ్చిన ఊరు ఖానాపూర్ దగ్గర. చలికాలం పొద్దున మంచు ఎట్ల పడుతదంటే, వాకిట్ల నిలబడితే ఎదురింటి పొయ్యి పొగ ఏదో, మంచు ఏదో తెలువది. ఇంట్ల ఆరుగురం. మా అత్త, మా ఇంటాయన, నేను, ఎనిమిది చదివే పెద్దబిడ్డ, దాని కింద ఇద్దరు మొగపిల్లలు, నడిపోడు, చిన్నోడు. ఆరుగురం అంటిని గని కండ్లకు కనపడేది ఐదుగురమే. ఆయన దుబాయిల లారీ నడుపుతుండె. చిన్నోడు కడుపుల పడ్డంక పోయిండు. నడుమ ఒక్కసారి నెలదినాలు వచ్చిండు గని, ఆ నెలంత ఇల్లు పెండ్లిల్లు లెక్కుండె. వచ్చేటోళ్లు వస్తుండ్రి, పోయేటోళ్లు పోతుండ్రి, ఎంత వండిననో, ఎవరు తిన్నరో నాకే యాదికి లేదు. ఆయన పోయినంక, ఆయన నిజంగ వచ్చి పోయిండా, నేను కల గన్ననా అనిపించింది.

ఐతారం ఐతారం ఫోన్ చేసేటోడు. ఒక ఐతారం బాగున్నరా, తిన్నరా అనంగనే అడిగిండు.

"ఇగో, మనింటి మెస్సు నెలకెంతైతదే?"

క్యాంపుల ఎనిమిది మంది ఒక్క అర్రల ఉంటరు. కలిసి వండుకుంటరు. దాన్ని మెస్సు అంటరట. నెలాఖరుకు అయిన ఖర్చును ఎనిమిది పాళ్లు చేసి ఎవరి పాలు వాళ్లు కడుతరు. మాంసం వండినా ముక్కలు లెక్కనే, తలకు నాలుగంటే నాలుగు.

"మనింటికి మెస్సెక్కడిదయ్యా?" అన్న. "మనది ఉత్త పొయ్యి."

"గదేనే. గా పొయ్యి మీదికి నెలకెంత పడుతది? జర సరిగ్గ చెప్పు." పక్కనోళ్లు వినకుండ గొంతు తగ్గిచ్చిండు. "నాకీడ మనసున పడుతలేదే. ఊర్లె రైసుమిల్లు సేటు డ్రైవర్ కావాలంటుండట. నెలకు పద్నాలుగు వేలు. గా పైసలల్ల మన తిండి ఎల్లుతదంటే సెలవు మీద వచ్చి మల్ల పోను. ఎల్లదంటే చెప్పు, ఇంకో రెండేండ్లు ఈడ్నే ఉంట."

ఫోన్ పెట్టేసినంక నేను అట్లనే కూసున్న. గోడ మీద ఎండ జరుగుతుంటే చూసుకుంట కూసున్న. ఐదేండ్ల సంది ఏ దేవునికి మొక్కాలో తెలువక అందరికీ మొక్కితిని. ఇప్పుడు దేవుని చేతిలకెల్లి తీసి నా చేతిల పెట్టినట్టయింది. పప్పు ఎంత, నూనె ఎంత, ఉప్పు ఎంత అని నేను చెప్పేదాని మీద ఆయన వచ్చుడు ఆగి ఉన్నది.

పెద్దబిడ్డ లెక్కల నోటు వెనుక పేజీలు తీసి నా పక్కకు కూసున్నది. నాకు రాయరాదు గని, ఏది ఏనాడు తెచ్చిననో అన్నీ యాదికుంటయి. చెప్పుకుంట పోయిన, అది రాసుకుంట పోయింది. పాలు దినానికి లీటరు. నూనె నెలకు ఐదు ప్యాకెట్లు. కందిపప్పు నాలుగు కిలోలు. ఐతారం కోడి కూర. చిన్నోడు బడి నుంచి రాంగ కొనుక్కునే ఐదు రూపాల ప్యాకెట్టు. గ్యాసు. చాయపత్తి. పుంటికూర, టమాట, వంకాయ పెరట్ల కాస్తయి, వాటికేం రాయాలంటే నాకు సమజ్ కాలే. అనపకాయలు పక్కింటామె ఇస్తది, నేను ఆమెకు నువ్వులు ఇస్త.

"నువ్వులు రాయాల్నా, అనపకాయలు రాయాల్నా అవ్వా?"

"ఏదీ రాయకు."

మా అత్త అరుగు మీదికెల్లి అన్నది. "నా కొడుకు బువ్వ తినుడు గూడ కాయితం మీద రాస్తుండ్రు. గీ వింత గీ ఇంట్లనే చూస్తున్న."

బియ్యం కాడికి వచ్చింది. రేషన్ సన్నబియ్యం నెలంత ఎల్లయి, ఆఖరి నాలుగైదు దినాలకు కొనాలె. ఎందుకు ఎల్లుతలేవని బిడ్డకు అనుమానమొచ్చింది. పొద్దూకినంక నేను కొలుస్తుంటే వచ్చి ముందట నిలబడ్డది. నా పెదవులు కదులుడు చూస్తున్నది. అత్తది. ఆయనది. నాది. పెద్దదానిది...

"అవ్వా ఆగు. బాపుది ఎందుకు పోసినవ్?"

సోల చేతిల ఉన్నది. నేను దాని మొఖం చూసిన, తపాలల బియ్యం చూసిన. ఐదేండ్ల సంది పోస్తున్న. ఆయన లేడని నాకెరుకే, చేతికి ఎరుక లేదు. బయట కోళ్లు గూట్లకెక్కుతున్నయి. దుబాయిల ఆయన ఇసుకల లారీ నడుపుతున్నడో, పండుకున్నడో, ఇక్కడ ఆయన పాలు ఉడుకుతనే ఉన్నది దినాం.

"గిన్ని దినాలు మీకు కనపడలేదా అత్తా?" అన్న.

"మొదటి నాడే కనపడ్డది," అన్నది అత్త. "తియ్యుమని చెప్పేందుకు నాకు నోరు రాలే."

ఐతారం ఫోన్ రాంగనే చెప్పిన. నెలకు తొమ్మిది వేలు చిల్లర. "నువ్వస్తే ఒక్క గింజ ఎక్కువ పట్టదు. నీ పాలు ఎప్పటి నుంచో అండ్లనే ఉన్నది."

అటు దిక్కు ఎవరో కూర గంటె కొట్టుకుంట పిలుస్తున్నరు. "వస్త," అన్నడు.

రెండు నెలల సెలవు మీద వచ్చిండు. తిరుగు టికెట్టు సంచిలనే ఉండె. మిల్లు కాడ పనికి కుదిరిండు. నెల దాటి చూద్దాం, ఎల్లుతే టికెట్టు ఇడిసిపెడుదాం అనుకున్నం.

ఆయన వచ్చిన నాటి రాత్రి అందరం చాప మీద కూసున్నం. ఆరు పాళ్లు ఆరుగురికి సరిపోయినయి. నాకు ఎంత నిమ్మళమైందంటే, అన్నం మీది ఆవిరి దిక్కు చూసుకుంట తినుడు మరిచిపోయిన. ఆయన కూర వేసుకునే ముందు గిన్నెల చూసి, "అందరికీ వచ్చిందా?" అన్నడు. మూడు ముక్కలు వేసుకొని చేయి తీసేసిండు. తిన్నంక కంచం తానే కడిగిండు. మెస్సుల అలవాటైందట.

తెల్లారి మంచుల చిన్నోడు లేచి ఉరికొచ్చి తపాల మూత తీసిండు. ఉత్తగ ఉన్నది.

"బువ్వేది?"

నడిపోడు గూడ వచ్చి తొంగి చూసిండు. అప్పుడు నాకు సమజైంది. దినాం మిగిలిన అన్నంల ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపు వేసి తాలింపు పెడుదు. ముగ్గురు పిల్లలు గదే తిని బడికి పోదురు. ఐదేండ్ల సంది ఆయన పాలే పొద్దున వాళ్ల కడుపుల పడ్డది. ఆయన సోల పోస్తున్ననని బిడ్డ చెప్తేనన్న తెలిసింది గని, అది ఎటు పోతున్నదో నేను లెక్కల పెట్టుకోనే లేదు.

చిన్నోడు ఏడ్చుకుంట బయట పండ్లు తోముకుంటున్న తండ్రి దిక్కు చేయి చూపిచ్చిండు. "బాపు నా బువ్వంత తిన్నడు!"

నడిపోడు వాని నోరు మూసిండు. ఆయన అప్పటికే విన్నడు.

ఆ నాడు మక్కజొన్న రవ్వతోని గట్క వండి పెట్టిన. పిల్లలు మూతులు తిప్పుకుంట తిన్నరు. ఆ రాత్రి నుంచి ఆయన తక్కువ తినవట్టిండు. "మిల్లు కాడ చాయ తాగిన, ఆకలైతలే" అంటడు. అన్నం సగం కలిపి పక్కకు నెట్టేటోడు. తెల్లారి తపాలల ఇంత అన్నం ఉండేది. పిల్లలకు సంబురం. నేను మొఖం తిప్పుకొని తాలింపు పెట్టేదాన్ని. ఒకనాడు సంచిల బట్టలు సర్దుతున్నడు. టికెట్టు మీది తారీఖు బిడ్డతోని చదివిపిచ్చుకున్నడట. బిడ్డ వచ్చి నాతోని చెప్పింది.

ఇంకా పన్నెండు దినాలున్నయి.

నేను ఆగలేకపోయిన. తెల్లారి ఆయన వాకిట్ల నెగడు కాడ కూసుండి చేతులు కాపుకుంటుంటే, చాయ గిలాస తీసుకపోయి పక్కకు కూసున్న. మంచుల ఆయన మొఖం సగమే కనపడుతున్నది. గిట్లనే ఎన్నిసార్లు కల గన్ననో. కలల నేను మాట్లాడబోతే మాట రాకపోతుండె.

"నీకు నేను అబద్ధం చెప్పిన," అన్న.

"ఏమని?"

"ఒక్క గింజ ఎక్కువ పట్టదంటి గద. నీ పాలు వండిన మాట నిజమే. అది పొద్దున పిల్లలు తిన్నరు. నువ్వస్తే వాళ్లకు వేరే వండాలె. నాకది తట్టలే. నిన్ను పిలిపిచ్చుకునే పరేషాన్ల తట్టలే."

ఆయన నెగట్ల పుల్ల ఎగదోసిండు. "నేను పంపిన పైసలు గూడ వాళ్లే తిన్నరు గదనే. అండ్ల అబద్ధమేమున్నది?"

"మరి బువ్వెందుకు తింటలేవు? సంచెందుకు సర్దుతున్నవ్?"

"మెస్సుల ఒక మనిషి పెరిగితే అందరి కూర పలుచనైతది. ఆ మనిషి నేనే అయినట్టున్నది." పక్కకు చూసి అన్నడు. ఇంకెప్పుడూ గసొంటి మాట ఆయన నోట వినలే.

"గిది మెస్సు కాదు," అన్న. నాకు కోపమే వచ్చింది. "నువ్వు తింటలేవని మీ అవ్వ రెండు దినాల సంది సగమే తింటున్నది. ఆమెను చూసి నేను. గిట్ల ఎవరికి మిగులబెడుతున్నవయ్యా?"

అత్త లోపటికెల్లి దగ్గింది. వింటున్నది.

ఆ పొద్దు మల్ల నోటు తీసినం. ఈసారి ఆయన గూడ కూసున్నడు. పొద్దున పిల్లలకని ఇంకో సోల. ఆయన రెండు పూటల చాయ. ఆయన తినే కోడిగుడ్డు, ఆయనకిష్టమని నేను ఊకె చేసే సర్వపిండి నూనె. అబద్ధం లేకుండ అన్నీ చెప్పిన. బిడ్డ కూడి, మల్ల కూడి, పన్నెండు వందలు పెరిగిందన్నది.

"మెస్సుల మనిషి పెరిగితే తలకు తగ్గుతదే," అన్నడు ఆయన. "ఈడ పెరుగుతదేంది?"

"తలకు తగ్గింది బాపూ. ఇగో చూడు, ఐదుతోని భాగించినప్పుడు, ఆరుతోని భాగించినప్పుడు. మొత్తం పెరిగింది గంతే."

ఆయన ఆ కాయితం చాలాసేపు చూసిండు. "తలకు తగ్గిందే నిజంగ," అని అత్తకు గూడ చూపిచ్చిండు. అత్తకు అంకెలు రావు. "తగ్గకేమైతది" అన్నది.

మా చేన్ల పత్తి పైసలు పిల్లల ఫీజులకు, మిల్లు పైసలు తిండికి, కరెంటుకు, బట్టలకు, పెట్టుపోతలకు అనుకున్నం. చేతిల ఏమీ మిగులదు. ఎవరికన్న పానం బాగలేకుంటే ఎట్ల అని అడిగిన. "చూద్దాం," అన్నడు. పోతననలే, పోననలే. ఆ రాత్రి నేను ఏడు సోలలు పోసిన. ఏడోదానికి మనిషి లేడు గద, ఏమని తలుసుకోవాల్నో తెలువక, పొద్దుది, అనుకున్న.

టికెట్టు దినం వచ్చింది. విమానం తెల్లారికి. పట్నం బస్సు మా ఊరి రోడ్డు మీదికి పగటీలి రెండు గంటలకు వస్తది. సంచి ఇంకా మూలకే ఉన్నది. అత్త పొద్దటి సంది మాట్లాడుతలే. నేను అనపకాయ కూర వండి, పచ్చిపులుసు చేసిన. ఐతారం గాబట్టి పిల్లలు ఇంట్లనే ఉన్నరు. ఆయన కూసుండి కూర గిన్నె దగ్గరికి గుంజుకున్నడు. ఎవ్వరినీ ఏమీ అడుగకుండ వేసుకున్నడు. మల్ల వేసుకున్నడు. పచ్చిపులుసు కంచం నిండ పోసుకొని సప్పరిస్తుంటే నడిపోడు నవ్వు ఆపుకోలేకపోయిండు. మూడోసారి అన్నం పెట్టుమని కంచం నా దిక్కు జరిపిండు.

తిన్నంక కంచం అక్కడ్నే ఇడిసిపెట్టి, చేయి కడుక్కొని, ఎండలున్న మంచం మీద ఒరిగిండు.

"బస్సు యాల్లకు లేపాల్నా?" అన్న.

"ఎందుకు?" అన్నడు, కండ్లు మూసుకునే.

రెండు గంటలకు రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. కొద్దిసేపు ఆగినట్టున్నది. ఆయన చేయి మంచం మీదికెల్లి కిందికి జారి ఉన్నది, మెల్లగ గురక పెడుతున్నడు. చిన్నోడు ఆ హారను విని ఉరికొస్తుంటే, సప్పుడు చెయ్యకురా అని వాన్ని పట్టుకొని నా ఒళ్లె కూసుండబెట్టుకున్న.