కందకంలో గుమ్మడితీగ

మొన్న ఆదివారం మారేడుపల్లిలో మిద్దెతోటల వాళ్ల సమావేశానికి వెళ్లాను. అక్కడ నా కూతురి వయసు అమ్మాయి ఒకతె మైకు పుచ్చుకుని, డెబ్బై ఒకటి యుద్ధంలో మన పెద్దవాళ్లు దేశభక్తితో వాకిళ్లన్నీ తవ్వి కూరగాయలు పండించి ఆకలిని జయించారని చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ యుద్ధం రెండు వారాల్లో ముగిసిపోయింది తల్లీ, అన్నాళ్లలో మెంతికూర బెత్తెడు కూడా ఎదగదు, ఇక గుమ్మడి మాట చెప్పనే అక్కర్లేదు. మరి ఎందుకు వేశారంటే, ఊరందరి సంగతీ నాకు తెలియదు గాని మా ఇంటి సంగతి చెప్పగలను. ఆ రోజుల్లో సైరన్లు విన్న మీ వంటి నా ఈడువాళ్లకు అది సగం చెప్పినా చాలు.

అప్పుడు మేం తిరుమలగిరిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. మా నాన్న పటాలంలో లారీ డ్రైవరు. దసరా వెళ్లిన కొన్నాళ్లకు బండితో సహా రైలెక్కి తూర్పుకు వెళ్లిపోతే, ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, ఆరేళ్ల నేను, పాలు మానని తమ్ముడు మిగిలాం. విమానాలొచ్చి బాంబులు వేస్తాయన్న భయంతో గల్లీలోని మగవాళ్లు ఇంటింటి ముందూ దాక్కోవడానికి ఒక కందకం తవ్విపెట్టారు. మా వాకిట్లోనూ తవ్వారు, నడుం లోతున, మనిషి నిలువు పొడవున.

ఆ పొడవే నాన్నమ్మకు గిట్టలేదు. తలుపు తీసినప్పుడల్లా అదే కనబడేది, కనబడినప్పుడల్లా అమ్మ మీద లేచేది.

"కొడుకు లడాయికి పోయిండు, ఇంటి ముంగట మనిషంత గుంత ఏందే? పొద్దుగాల లేచి నేను జూడాల్సింది గిదేనా?"

అమ్మ మాట పడే మనిషి కాదు (నాకీ నోరు ఎక్కడిదనుకున్నారు మరి).

"పూడ్చుకో అత్తమ్మా. బాంబు పడ్డనాడు పిల్లలను నీ కొంగుల మూటగట్టుకో."

అత్తాకోడళ్లు కొన్నాళ్లు ముఖాలు మాడ్చుకుని తిరిగి, చివరికి కందకాన్ని చెరిసగం పంచుకున్నారు. పిల్లలు దాక్కోవడానికి అమ్మకు సగం మిగిలింది. నాన్నమ్మ తన సగంలో కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద, రాలిన వేపాకు, పక్కింటి బర్రెల కొట్టం నుంచి తట్టలతో మోసిన పేడ పోసి, కాళ్లతో తొక్కి, పైన తవ్విన మట్టే కప్పి మెంతులు చల్లింది. ఇప్పుడది మనిషి నిలువు లేదు. ఆ పూట ఆమె కడుపునిండా తినడం నాకు గుర్తుంది. సైరన్ ప్రాక్టీసు వచ్చినప్పుడు అమ్మ మమ్మల్ని తీసుకుని తన సగంలోకి దిగుతుంటే, నాన్నమ్మ మాత్రం దిగకుండా గట్టు మీద కాపలా నిలబడి, "మెల్లగ దిగుర్రి, నా మెంతులు తొక్కితే ఆ బాంబేదో నేనే ఏస్త" అని అరిచేది.

యుద్ధం ముగిసింది, రేడియో చెప్పింది, గల్లీలో మిఠాయిలు పంచారు, అందరూ కందకాలు పూడ్చుకున్నారు. మళ్లీ మొదలైతేనో అని అమ్మ మాత్రం తన సగాన్ని ముట్టనివ్వలేదు. కొన్ని వారాలకు నాన్నతో కలిసి వెళ్లిన పై గల్లీ ఆయన తిరిగొచ్చాడు. నాన్న రాలేదు, ఎక్కడున్నాడో ఆయనకూ తెలియదట. ఆ సాయంత్రం అమ్మ తట్ట తెచ్చి తన సగం కూడా పూడ్చడం మొదలుపెట్టింది. అప్పుడు దెప్పిపొడవకపోవడం నాన్నమ్మ జీవితంలో అదొక్కసారేనేమో. రొంటిన దోపుకున్న సంచిలోంచి గుమ్మడి గింజలు తీసి అమ్మ చేతిలో పెట్టి, "పెట్టు బిడ్డా, వాడొచ్చేసరికి కాయ అయితది" అంది.

నాన్న ఎండాకాలంలో వచ్చాడు, గడ్డంతో, సగమై. అప్పటికి తీగ వాకిలంతా పాకి కాయలు కాసింది, గల్లీలో ప్రతి ఇంటికీ ఒక ముక్క వెళ్లింది. కందకం సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆయన చెంబు పట్టుకుని తీగకు నీళ్లు పోయబోతే, ఇంకా గట్టిపడని మట్టిలో కాలు చీలమండ దాకా దిగబడింది. కాలు తీయకుండా అలాగే నిలబడి, ఆ మెత్తటి మట్టిని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి చూశాడు. తర్వాత నీళ్లు పోసి, లోపలికొచ్చి చాయ్ అడిగాడు.

ఇదంతా చెబితే సమావేశంలో వాళ్లు ఆ గుంత ఎలా నింపారో రాసుకున్నారు. రాసుకోనీయండి, అంతకంటే మంచి పాదు లేదు, మిద్దె మీద పాత డ్రమ్ములో కూడా ఇలాగే నింపుతున్నాను, నా కాయలే సాక్ష్యం. కానీ ఎన్ని కిలోలు వచ్చాయని అడిగారే తప్ప, ఎవరి కోసం వేశారని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు నీళ్లు కూడా టైమరే పెడుతుంది, తీగ పక్కన నిలబడి ఎదురుచూసే పని ఎవరికీ లేదు. మా పెంకుటిల్లు ఉన్నచోట అపార్టుమెంటు లేచింది, ఆ ముగ్గురూ లేరు.

యుద్ధంలో అలాంటి కందకాలు ఎన్ని తవ్వి, ఎన్ని పూడ్చి వచ్చాడో నాన్న ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. పూడ్చిన మట్టిని కాలితోనే గుర్తుపట్టిన ఆ మనిషికి, అత్తాకోడళ్లిద్దరూ దాన్ని ఎందుకు పూడ్చారో కూడా తెలిసిందా?