ముగ్గుతో గీసిన రెండు సున్నాలు

ఆ శుక్రవారం పొద్దున రోహిణక్క చేసిన చివరి మామూలు పని ముగ్గుపిండి జల్లెడ పట్టడం. నల్లగండ్లలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని గడ్డలు ఏరేసి, మెత్తటి పిండిని పాత పచ్చడి సీసాలో నింపుకుంది. గీతలు చక్కగా రావాలని ఆరాటం.

పుప్పాలగూడలో కడుతున్న టవర్ల వెనక, కూలీల రేకుల గదుల మధ్య ఒక షెడ్డులో అక్క పిల్లలకు చదువు చెప్పేది. షెడ్డు నడిపే సంస్థవాళ్ళు ఆరోజు చూడటానికి వస్తున్నారు. పిల్లలకు ఏదో కొంత వచ్చిందనిపిస్తేనే బడి ఉంటుంది. లేకపోతే బుజ్జి లాంటి పిల్లలు మళ్ళీ చంటివాళ్ళను చంకనేసుకుని సైటులో ఇసుక కుప్పల పక్కన కూర్చోవలసిందే.

ఎవరు ఏ గుంపులోకి వస్తారో విడదీసి చూడటం నేర్పే పాఠమంటే అక్కకు ఇష్టం. నేల మీద రెండు కొబ్బరితాళ్ళను సున్నాలుగా పరిచేది, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి వచ్చేలా. ఒకటి చెల్లెలో తమ్ముడో ఉన్నవాళ్ళది. ఇంకొకటి ఇంటికి నీళ్ళు మోసేవాళ్ళది. రెండూ అయినవాళ్ళు మధ్యలోకి, ఏదీ కానివాళ్ళు బయట. అదే లెక్కను నాలుగు గడుల పట్టికగా చూపడానికి తొక్కుడుబిళ్ళ గడులు గీస్తే పిల్లలు కుంటుకుంటూ తమ గడిలోకి దూకేవారు. "మరి నువ్వే గడిల ఉంటవు టీచర్? నీకు చెల్లె ఉంది, నీళ్ళేమో నల్లాల వస్తయి" అని బుజ్జి అడిగిందట. అన్నం తింటూ అది చెప్పి అక్క ఎంతో నవ్వింది.

ఆ శుక్రవారం చూడటానికి బాగుండాలని తాళ్ళు పక్కన పెట్టి, సున్నాలు ముగ్గుతో గీసింది. ఎవరి చోట వాళ్ళు నిలబడమంది. ఒక్కరూ లోపలికి రాలేదు. మళ్ళీ చెప్పింది, బతిమాలింది. కొత్త మనుషుల ముందు పిల్లలు నోరు మెదపలేదు. తలలు దించుకుని నిలబడిపోయారు. షెడ్డు మూసేస్తామని వచ్చినవాళ్ళు అక్కడికక్కడే చెప్పి కారెక్కారు.

ఇంటికొచ్చి అక్క చెప్పులు కూడా విప్పకుండా కూలబడింది.

"ఒక్కరు గూడ లోపలికి రాలె. ఇన్ని దినాలు నేనేం చెప్పినట్టు?"

ఊకో అక్కా అన్నాను. చీకటి పడకముందే ఛాతీలో నొప్పి అంది. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

కర్మలు ముగిశాక ఆమె పలకలూ తాళ్ళూ తెచ్చుకుందామని షెడ్డుకు వెళ్ళాను. తాళంచెవి బుజ్జి తల్లి నీలమ్మ దగ్గరుంది. అక్క పోయిన రోజు నుంచి ఎవరూ తలుపు తీయలేదు. నేల మీద ముగ్గు గీతలు ఎక్కడా చెదరలేదు.

ఆరోజు లోపలికి ఎందుకు పోలేదని బుజ్జిని అడిగాను.

"ముగ్గు తొక్కుతరా? అమ్మ కొడ్తది" అంది. నీలమ్మ మొహం తిప్పుకుంది. "అందుకే బయట్నే నిలవడ్డం. ఎవరి దిక్కు వాళ్ళు" అంది బుజ్జి.

ఆ పిల్ల వేలితో చోట్లు చూపించింది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నవాళ్ళు ఆ సున్నా అంచున, నీళ్ళు మోసేవాళ్ళు ఈ సున్నా అంచున. ఏదీ కాని అజయ్ దూరంగా తలుపు దగ్గర. రెండూ అయిన బుజ్జి, రెండు గీతలూ కలిసే మూలన, కాలివేళ్ళు ముగ్గుకు తగలకుండా.