అల్లలేని మూల

పెళ్లి వీడియోలు తీసీ తీసీ నడుము పట్టేశాక, నలభయ్యో ఏట కార్పొరేట్ ఫిల్ముల్లోకి దిగాను. కార్పొరేట్ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. రాజమండ్రిలో కూర్చుని నేను తీసేవి రైసు మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, కొవ్వూరులో ఒక పైపుల కంపెనీ, రామచంద్రపురంలో ఒక కొబ్బరినూనె మిల్లు. ఇందులో ఉన్న హాయి ఏమిటంటే, మిల్లుకి మేనమామలు ఉండరు. తమ వైపు వాళ్లని తక్కువ తీశారని మిషన్లు అలగవు. పొద్దున పదింటికి మొదలుపెడితే నాలుగింటికి టీ తాగి ఇంటికి వచ్చేయవచ్చు.

తర్వాత ఏఐ వచ్చింది. ఆ కొత్తలో దాన్ని చూసి మురిసిపోయినంతగా నా పిల్లల మార్కులు చూసి కూడా మురిసిపోలేదు. గోడ మీద తుప్పు మరక, ఫ్రేములోకి నడిచొచ్చిన కుక్క, యజమానిగారి చొక్కా మీద సాంబారు చుక్క, ఏది వద్దంటే అది మాయమయ్యేది. ఒకసారి వరద రోజుల్లో తీసిన గోదావరిని తనంతట తానే నీలంగా మార్చేసింది. ఆ వీడియో చూసిన మిల్లు యజమాని, "ఎర్రనీళ్లు పెట్టండి బాబూ, ఇది చూస్తే మిల్లు ఎక్కడికి మార్చారని మావాళ్లు అడుగుతారు" అన్నారు. నవ్వుకుంటూ ఎర్రనీళ్లు పెట్టాను.

అలాంటి రోజుల్లోనే నరసాపురం నుంచి ఒక లేసు వ్యాపారి ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారి నాటి నుంచి అదే వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, చివర కొక్కెం ఉన్న చిన్న సూదితో దారాన్ని పువ్వులుగా అల్లుతారు. ఒకళ్లు పువ్వులు అల్లితే ఇంకొకళ్లు వాటిని కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు. ఆ కలపడాన్ని అతుకుపని అంటారు. ఇన్నాళ్లూ ఈయన సరుకు నాలుగు చేతులు మారి విదేశాలకు వెళ్లేది. మొదటిసారి అక్కడి కంపెనీ ఒకటి నేరుగా ఈయన్నే కేటలాగు పంపమంది. దానికి ఫోటోలూ, రెండు నిమిషాల వీడియో నన్ను తీయమన్నారు.

ఆయన దగ్గరున్న వాటిలో మేలైన బట్ట మొగల్తూరు దగ్గర ఊళ్లో ఒక పెద్దావిడ చేసింది. పువ్వులూ ఆవిడే, అతుకూ ఆవిడే. భర్త సముద్రం మీద చేపల వేటకి వెళ్లడం మానేసిన దగ్గర్నుంచి ఇల్లు నడిచింది ఆ పని మీదే. వీడియో తీయడానికి వెళ్తే, "మొహం ఎందుకులెండి బాబూ, చేతులు తీసుకోండి. పని చేసేది అవే కదండీ" అన్నారు. చేతులే తీశాను. ఆవిడ నాతో కబుర్లు చెబుతూ, కోడిని అదిలిస్తూ, ఒక్కసారి కూడా కిందికి చూడకుండా ఒక పువ్వు పూర్తిచేసేశారు.

బట్టని నరసాపురంలో వ్యాపారిగారి ఇంట్లో బల్ల మీద పరిచి, ఒక మూల ముందుకి జారేలా వేసి ఫోటో తీశాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే, వెనకున్న పూలకుండీ చక్కగా ఉంది, ముందున్న మూల మసకగా ఉంది. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు చేయాల్సిన తప్పు కాదు. మళ్లీ వెళ్లి తీయాలి. కానీ వెళ్లి రావడానికి ఒక రోజంతా పోతుంది, పైగా ఎండలు. ఆ మూలని స్పష్టంగా చేసిపెట్టమని ఏఐకి చెప్పాను. అది క్షణంలో చేసేసింది. పువ్వు మీద పువ్వు, వాటి మధ్య నుంచి మెలికలు తిరిగే తీగ. అసలు మూలలో తీగ ఉన్నట్టు నాకు గుర్తులేదు. లేసు లేసే కదా, ఎవరు లెక్కపెడతారు అనుకుని పంపేశాను.

"మీ కన్నే వేరండీ" అన్నారు వ్యాపారిగారు. ఆ పొగడ్తని నేను కాదనలేదు.

కొన్నాళ్లకి ఆయనే మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో సంబరం దాచుకోలేకపోతున్నారు. "వాళ్లకి ఆ మూల తెగ నచ్చేసిందండి. బట్ట మొత్తం అదే డిజైనులో కావాలంట. జానెడు శాంపిల్ పంపితే ఆర్డరు ఇచ్చేస్తామంటున్నారు. ఈ ఏడాది మా ఊళ్లన్నిటికీ చేతినిండా పనేనండి."

"అసలు బట్ట మీ దగ్గరే ఉంది కదండీ" అని అడిగాను, ఉంటే నా గుట్టు బయటపడుతుంది కనక, లేదంటే బాగుండునని ఆశపడుతూ. విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో ఎవరో కొనుక్కుపోయారట. ఫోటో ప్రింటు తీయించి పెద్దావిడకి ఇచ్చారట. ఆవిడ చేసిందే కనక మళ్లీ చేసేస్తారట. నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. అంత పనిమంతురాలు, బొమ్మ చూసి అల్లేయలేరా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అల్లిక గురించి నాకు తెలిసింది సున్నా.

పది రోజుల తర్వాత వీడియో ఇవ్వడానికి నరసాపురం వెళ్తే, వ్యాపారిగారి మొహం వాడిపోయి ఉంది. వాళ్ల ఇంటి వరండాలో ప్రతి శుక్రవారం ఆడవాళ్లందరూ చేరతారు. ఆయన దారం తూచి ఇస్తారు, అల్లి తెచ్చింది తూచి తీసుకుంటారు. కిందటి శుక్రవారం పెద్దావిడ దారం వద్దన్నారట. "కళ్లు పోయాయి, చెయ్యి తప్పిపోయింది, ఇంక నాకు పని ఇవ్వకండి అన్నారండి, ముప్పై మంది ఆడవాళ్ల ముందు. సగం మందికి పని నేర్పింది ఆవిడే" అన్నారు ఆయన.

అక్కడి నుంచి సరాసరి మొగల్తూరు దారి పట్టాను. ఆవిడ అరుగు మీదే ఉన్నారు. పక్కన విప్పేసిన దారం కుప్పగా పడి ఉంది. ఒళ్లో నేను తీసిన ఫోటో ప్రింటు.

"రండి బాబూ. మీరు తీసిందే కదండీ, కాస్త మీరే చూసి చెప్పండి. ఈ రేకు దగ్గర దారం బయల్దేరింది. ఇలా వచ్చింది. ఈ పువ్వు కిందకి వెళ్లింది ఒక్కటే. బయటికి మూడొచ్చేయి. ఆ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చేయండీ?"

వంగి చూశాను. ఒక దారం పువ్వు కిందకి వెళ్లి మరి తేలలేదు. ఇంకో చోట రెండు దారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, నీళ్లలో నీళ్లు కలిసినట్టు. అంత పెద్ద స్క్రీన్ మీద నాకు కనిపించనిది, ఆవిడకి జానెడు కాగితం మీద కనిపించింది.

"ఎన్నిసార్లు విప్పేనో లెక్కలేదు బాబూ. నేనే అల్లేనంట. ఎలా అల్లేనో గుర్తు రావట్లేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైందండి. ముందు చేతిపని మర్చిపోయింది. తర్వాత మమ్మల్ని మర్చిపోయింది." ఆవిడ ఇది చాలా మామూలుగా చెప్పారు.

"మామ్మగారూ, అది మీరు అల్లలేదండి" అన్నాను. "ఫోటోలో ఆ మూల మసకొచ్చింది. మళ్లీ రావడానికి బద్ధకించి, కంప్యూటర్‌ని నింపమన్నాను. అది తనకి తోచింది గీసేసింది. అలాంటి అల్లిక ఎక్కడా లేదు. ఆర్డరు సంగతి ఫోన్‌లో తెలిసినప్పుడైనా నిజం చెప్పలేదు."

ఆవిడ ఫోటో వంకా నా వంకా చూశారు. "లేదా?"

"లేదండి."

"అయితే నాకు మతి పోలేదు."

"పోలేదండి."

ఊపిరి పీల్చుకుని నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "షావుకారుగారు మీకు ఫోన్ చేసిన రోజే ఎందుకు చెప్పలేదండి?" అని అడిగారు.

"సిగ్గేసిందండి."

"మీ సిగ్గు ఇన్నాళ్లూ నేను మోసేనన్నమాట." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. "శుక్రవారం రండి. నేను వాళ్లందరి ముందూ చేతకాదని చెప్పేను. మీరూ వాళ్లందరి ముందే చెప్పండి."

ఆ సాయంత్రమే వ్యాపారిగారికి చెప్పాను. ఆయన, "ఆ కంపెనీవాళ్లకీ రాసేయండి, మీ చేత్తోనే" అన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను. ఆవిడ చేసిన ఇంకో బట్టని పగటి వెలుగులో తీసి, దాని మీదున్న చిన్న మరకతో సహా అలాగే జత చేశాను. వాళ్లు ఆర్డరు తగ్గించారు గానీ మానలేదు. ఇప్పుడు పని ఒప్పుకునే ముందే చెప్పేస్తాను: గోడ శుభ్రం చేస్తాను, కుక్కని తీసేస్తాను, ఎక్కడెక్కడ ఏఐ వాడానో కాగితం మీద రాసిస్తాను, కానీ అమ్మే సరుకునీ, దాన్ని చేసిన మనిషినీ ముట్టుకోను. మొన్న ఒకాయన రొయ్యల్ని కాస్త లావు చేయమన్నారు. కుదరదంటే వేరేవాళ్లని చూసుకున్నారు. మంచిదే.

ఆవిడ రమ్మన్న శుక్రవారం వెళ్లాను. వరండా నిండా ఆడవాళ్లు, ఒళ్లలో సంచులు. పెళ్లిళ్లలో వందల మందిని ఇటు జరగండి, అటు చూడండి అని అదిలించినవాణ్ణి, ముప్పై మంది ముందు గొణుగుతూ మొదలుపెట్టాను. ఎలాగో చెప్పాను. ఆ మూల నేను కంప్యూటర్ చేత గీయించిందని, మనిషన్నవాళ్లు ఎవరూ దాన్ని అల్లలేరని, ఈవిడ కళ్లకీ చేతికీ ఏమీ కాలేదని, తప్పంతా నాదని. చెప్పేసి కూర్చోబోయాను.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ నా వంక చూడకుండానే అన్నారు: "వెనకాల వాళ్లకి వినపడలేదండి. ఇంకోసారి చెప్పండి."

మళ్లీ లేచి, ఈసారి గట్టిగా, మొదటి నుంచీ చెప్పాను.