రేడియేటర్‌లో మా నూతి నీళ్ళు

మా తమ్ముడు దానియేలు కొన్న పాత వ్యాను ముందు మూత ఎత్తగానే గుప్పుమని మొహానికి కొట్టిన ఆవిరిలో, కాలిన రబ్బరు కంపు కింద, ఇంకో వాసన ఉంది. అది నాకు తెలిసిన వాసనే. క్రిస్మస్ దగ్గర పడ్డాక మా అమ్మ ఇంటిల్లిపాది బట్టలూ పెద్ద కాగులో వేసి, చవుడు మట్టి కలిపి ఉడకేసేది. ఆ కాగు మీద మూత తీస్తే సరిగ్గా ఇదే వాసన.

ఆ బట్టలు ఇసకలో నాటిన సరుగుడు కర్రల మీద ఆరుతూ ఉంటే, పక్కన నాన్న గోడలకి సున్నం వేస్తుంటే, వెదురు బద్దలు వంచి నక్షత్రం కట్టే మగపిల్లలు, దానికి అంటించే ఎర్ర కాగితం కోసం కొట్టుకునే మేమూ, పొయ్యి మీద పోకుండలు పొంగుతుంటే నూనె వాసనకి ఆట మానేసి గుమ్మంలో చేరి, మొదటి వాయి ప్రార్థన అయ్యేదాకా ముట్టుకోకూడదని తెలిసీ బెల్లం పాకం అంటిన గరిటె కోసం చెయ్యి చాపి, అమ్మ చేత మొట్టికాయ తినేవాళ్ళం. ఎండాకాలం అయితే జీడిమామిడి పళ్ళు చీకి, చొక్కాలకి పోని మరకలు చేసుకుని, వెన్నెల్లో ఇసక దిబ్బ మీంచి దొర్లేవాళ్ళం. మా పేట ఉప్పలగుప్తం దాటి, సముద్రపు హోరు వినపడేంత దూరంలో, ఆ దిబ్బ మీదే ఉంది. ఇప్పుడు ఇళ్ళూ నుయ్యీ ఉన్నమేర తప్ప దిబ్బ లేదు. ఇసక లారీల వాళ్ళు తవ్వి పట్టుకుపోయేరు.

అసలు చెప్పాల్సింది నుయ్యి గురించి. మా చిన్నప్పుడు ఊరి నూతి దగ్గర మా బిందెలకి చోటు లేదు. దూరంగా నిలబడాలి, ఎవరికైనా మనసు పుడితే పోస్తారు, పుట్టకపోతే ఖాళీ బిందె చంకనెట్టుకుని వెనక్కి రావాలి. అమ్మ అలా వచ్చిన రోజున నాన్న పార తీసుకుని దిబ్బ ఎక్కేడట. కూలిపని అయ్యేక పొద్దు గుంకేదాకా పేట మగవాళ్ళంతా తవ్వేరు. తవ్వింది తవ్వినట్టే ఇసక జారి పూడిపోయేది, మళ్ళీ తవ్వేరు, మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దింపేరు. సముద్రం అంత దగ్గరున్నా కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు పడ్డాయి. కాలవలు కట్టేసి ఊళ్ళో నీళ్ళు ఉప్పు తిరిగే వేసవిలో, తెల్లారకుండానే ఊరివాళ్ళ ఎడ్లబళ్ళు పీపాలేసుకుని మా దిబ్బకి వచ్చేవి. మమ్మల్ని తాకని వాళ్ళు మా నీళ్ళు తాగేరు. నాన్న కాదనలేదు. నేనైతే ఒక్క చుక్క పోసేదాన్ని కాదు.

ఆ వేసవుల్లో మొదటి చేద అమ్మే తోడాలి. అరచేతిలో కాసిని పోసుకుని, నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకునేది. ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని ఆవిడ మొహం కేసి చూసేవారు. "ఆయ్, తియ్యగానే ఉంది" అంటే చేదలు దిగేవి. ఉప్పు తగిలిందంటే మాత్రం "నుయ్యి అలిసింది, ఇవాళ పడుకోనివ్వండి" అనేది. ఆ రోజు ఎవరూ తోడేవారు కాదు, ఎంత అవసరమైనా సరే. మర్నాటికి మళ్ళీ తీపు ఊరేది. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, కోడలైనా, దూడైనా, దానియేలుకి మాస్టారు ఉద్యోగం వచ్చేక కొన్న సైకిలైనా, మొదట మా నూతి నీళ్ళు తాగాలి లేదా మా నూతి నీళ్ళతో తడవాలి. అది మా పేట ఆనవాయితీ.

అక్కడే వచ్చింది ఇప్పటి చేటు. మా పెద్దక్క రూతమ్మ రంపచోడవరం అవతల మన్యంలో కాపరం. మంచం దిగలేదు. ఫోను చేసినప్పుడల్లా "మన నూతి నీళ్ళు ఒక సీసాడు పట్టుకురావే, అవి తాగి పోతాను" అంటుంది. నా నడుము బస్సులో కూచోనివ్వదు. అందుకని, కాకినాడలో మాస్టారుగా చేసి రిటైరై వచ్చిన దానియేలు, లోపల మంచం, గ్యాసు పొయ్యి ఉన్న ఈ వ్యాను కొన్నాడు. మా పేట వెనకాల రొయ్యల చెరువులున్న ఆయన, రొయ్యలు పట్టే ముందు దొంగలు పడకుండా కాపలాకి అందులోనే పడుకునేవాడు. కొత్త రంగేసి అమ్మేడు.

బండి వచ్చిన రోజున పాస్టరు గారు ప్రార్థన చేసేరు. నేను చేద తోడి ఇచ్చేను, తమ్ముడు రేడియేటర్‌లో పోసేడు. పొద్దున్నే చూస్తే నీళ్ళు తగ్గేవి, మళ్ళీ పోసేవాడు. డ్రైవింగు నేర్చుకుంటూ పేట చుట్టూ తిప్పుతూ, ఇలా వేసవంతా పోసేడు. తీరా అమలాపురం దాకా తిప్పి చూద్దామని బయల్దేరితే, దారిలోనే కుతకుతా ఉడికి ఆగిపోయింది. మెకానిక్కు సత్తిబాబు ఫ్యాను బెల్టన్నాడు, మార్చేడు. థర్మోస్టాటన్నాడు, మార్చేడు. తరవాత ఇంజను హెడ్డు విప్పాలన్నాడు. తమ్ముడేమో ఫోనులో చదివి వాటర్ పంపు అన్నాడు. ఇద్దరూ నా గుమ్మంలోనే వాదించుకుంటూ నా టీ తాగేరు. ఆఖరికి రేడియేటర్ దింపి కోయిస్తే, గొట్టాలనిండా తెల్లటి పెళ్ళ, పాత కుండకి అడుగు పట్టినట్టు. కింది పైపు చిరిగి ఉంటే దానికి నల్ల జిగురు పూసి, పైన రంగేసి ఉంది. అందుకే నీళ్ళు రోజూ కారిపోయేవి.

తమ్ముడు ఫోను చేస్తే చెరువులాయన ఇస్త్రీ చొక్కా నలక్కుండా మోటారుసైకిలు మీద వచ్చేడు. పైపుకి జిగురు పూసి అమ్మడమేంటని తమ్ముడు అడిగితే, పాత బండికి చిన్న చిన్నవి ఉంటాయన్నాడు. తరవాత ఆ పెళ్ళ చూసేడు.

"ఏం నీళ్ళు పోసేరండీ మాస్టారూ ఇందులో?"

"మా నూతి నీళ్ళేనండి."

ఆయన నవ్వేడు. "అయ్యో, అవి పోస్తారేంటండీ. ఉప్పు కదండీ. అందరికీ తెలిసిందే కదా."

మా పొలాలు ఒక్కొక్కటీ కౌలుకి తీసుకుని చెరువులు తవ్వి, సముద్రపు కాలవలోంచి ఉప్పునీళ్ళు మా గట్టుదాకా తోడిపోసి, జీడిమామిళ్ళు మొదళ్ళతో సహా ఎండిపోతుంటే చూస్తూ ఊరుకున్న మనిషి, నా నుయ్యి ఉప్పని నాకు చెప్తున్నాడు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసండీ?" అన్నాను. "మీ చెరువులు రాకముందా, వచ్చేకా?"

"అదేంటమ్మా, అలాగంటారు." మోటారుసైకిలు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "పైపు నేను మార్పిస్తాలెండి."

"నుయ్యి కూడా మార్పించండి."

సత్తిబాబు తలొంచుకుని బోల్టులు ఏరుకున్నాడు. చెరువులాయన వెళ్ళిపోయేడు.

నిజం చెప్పాలంటే మాకూ తెలుసు. పొద్దున్నే ఆటోలో టిన్ను నీళ్ళు వస్తాయి. నూతి నీళ్ళు పిల్లల కడుపుకి పడట్లేదని తెప్పిస్తున్నాం అంటాం. పేటలో ఎవరూ నూతి దగ్గర ఉప్పు అన్న మాట పలకరు. నలభై దాటేక అక్షరాలు నేర్చుకుని నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ నూతి ఒర మీద చెక్కిన నాన్న పేరు. ఆ పేరు పక్కన ఆ మాట ఎలా పెడతాం? వాళ్ళు వెళ్ళేక పెళ్ళ ఒక ముక్క గోటితో గీకి, నాలిక మీద వేసుకుని, అమ్మలాగే కళ్ళు మూసుకున్నాను. ఉప్పు. దాని వెనక చేదు.

ఇది ఒక రోజు పడుకోబెడితే తీరే అలసట కాదు.

బండికి కొత్త రేడియేటర్ వేసేరు. అందులో ఇప్పుడు కంపెనీ వాళ్ళ ఆకుపచ్చ నీళ్ళున్నాయి, చుక్క తగ్గట్లేదు. రేపు బయల్దేరుతున్నాం. టిన్ను నీళ్ళు సీసాలో పోసి పట్టుకెళ్దాం, ఈ వయసులో అక్కకేం తెలుస్తుంది అన్నాడు దానియేలు. ఇంత చదివి ఇదా నేర్చుకున్నావని తిట్టేను. తాడు ఒరుసుకుని గాడి పడ్డ ఒర మీద వంగి నేనే తోడి, స్టీలు క్యానులో పోసి మూత బిగించేను. తాగమనను. అక్క అరచేతిలో కాసిని పోసి, నాలిక మీద వేసుకుని చెప్పమంటాను. అది ఆవిడ నుయ్యి కూడా. కోపం నా ఒక్కదానికే ఎందుకుండాలి?